అతిథి ముందు మరమనిషి

2017 నవంబరు 28న హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ప్రారంభమయింది. వేదిక మీద ఉన్న భారత ప్రధాని నరేంద్ర మోదీ, అమెరికా అధ్యక్షుని కుమార్తె ఇవాంకా ట్రంప్‌ల ఎదుటికి మనిషిని పోలిన యంత్రం ఒకటి చక్రాల మీద కదలి వచ్చింది. దాని పేరు 'మిత్ర'. బెంగుళూరులోని ఇన్వెంటో అనే సంస్థ దానిని తయారు చేసింది. దాని రొమ్ము భాగంలో అమర్చిన తెరను ఇద్దరూ వేలితో నొక్కగా అది స్వాగతం పలికింది. సభలో చప్పట్లు మోగాయి. ఆ రాత్రి అతిథులకు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో విందు జరిగింది. 101 మంది ఒకేసారి కూర్చుండగల ప్రసిద్ధమైన భోజనపు బల్ల అక్కడ ఉన్నది. ఆ విందులో వడ్డించినవారు మాత్రం మనుషులే.

పగలు స్వాగతానికి యంత్రం, రాత్రి వడ్డనకు మనిషి! ఎవరూ కావాలని చేయకపోయినా ఒకే నగరంలో ఒకే రోజున జరిగిన ఈ పని విభజన గమనించదగినది. అతిథికి సేవ చేసే యంత్రాన్ని నిర్మించాలన్న కోరిక రెండువేల సంవత్సరాలకు పైగా ఉన్నది. ఆ యంత్రాన్ని చూసి అతిథి ఎక్కడ మురిశాడు, ఎక్కడ విసిగాడు, ఎక్కడ దానిని మామూలు వస్తువుగా స్వీకరించాడు? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర ఏమి సమాధానం చెప్పుతున్నదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రెండు మాటల కథ

మొదట 'హోటలు' అనే మాటను చూద్దాం. ఆంగ్లంలో దాని అర్థం బస చేసే చోటు. తెలుగువారికి మాత్రం హోటలంటే ముందుగా గుర్తుకు వచ్చేది ఇడ్లీ, కాఫీ, భోజనం. బసకు మనం లాడ్జి అనే వేరే మాటను పెట్టుకున్నాం. హోటళ్ళు రాకముందు మన ఊళ్ళలో సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. కాకతీయుల రాజధాని ఓరుగల్లును వర్ణించే 'క్రీడాభిరామము'లో డబ్బు తీసుకొని భోజనం పెట్టే పూటకూటి ఇంటి ప్రస్తావన ఉన్నది. గురజాడ 'కన్యాశుల్కము'లోని పూటకూళ్ళమ్మను తెలుగు విద్యార్థులెవరూ మరచిపోరు. డబ్బు తీసుకోకుండా దారిన పోయేవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు గోదావరి సీమలోని లంకల గన్నవరంలో జీవించి 1909లో మరణించారు. వీటన్నిటిలోను అన్నానికి వెనుక ఒక మనిషి ముఖం ఉన్నది. తెలుగు అతిథికి సేవ అంటే ఆ ముఖంతో కూడిన సేవ.

ఇక రెండవ మాట 'రోబో'. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్. యు. ఆర్.' అనే నాటకంతో ఈ మాట లోకానికి పరిచయమయింది. మాటను సూచించినవాడు ఆయన సోదరుడు యోసెఫ్. చెక్ భాషలో 'రొబోత' అంటే జమీందారుకు రైతు బలవంతాన చేయవలసిన ఊడిగం. దీనికి సరియైన తెలుగు మాట కోసం వెదకనక్కరలేదు. తెలంగాణ పల్లెలకు అది బాగా తెలిసిన మాటే: వెట్టి. నిజాం కాలంలో అధికారి గాని దొర గాని ఊరికి వస్తే ఆయనకు నీళ్ళు తోడడం, కట్టెలు కొట్టడం, మూటలు మోయడం, బట్టలు ఉతకడం కూలి లేకుండా కొన్ని కులాలవారు చేయవలసి ఉండేది. అంటే అక్కడ అతిథి సేవ జరిగింది, కాని అది వెట్టి. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటానికి ఈ వెట్టి ఒక ముఖ్యకారణం. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణం వెట్టిని నిషేధించింది.

కాబట్టి అతిథి సేవలో మొదటినుంచీ రెండు పాళ్ళు ఉన్నాయని తెలుస్తున్నది. ఒకటి మోత, అనగా బరువులెత్తడం, తిరగడం, తేవడం. రెండవది ఆదరణ, అనగా ముఖం చూసి పలకరించడం, అడగకముందే తెలుసుకోవడం. ఈ రెండింటిని వేరు చేసి చూస్తే అతిథి వైఖరి సులభంగా అర్థమవుతుంది.

వింతగా చూసిన కాలం

అతిథికి సేవ చేసే బొమ్మలలో చాలా పాతది క్రీస్తు పూర్వం 3వ శతాబ్దికి చెందిన ఫైలో అనే గ్రీకు శాస్త్రజ్ఞుడు వర్ణించిన పరిచారిక. ఆ బొమ్మ ఎడమ అరచేతిలో అతిథి గిన్నె పెడితే, గిన్నె బరువుకు చేయి కిందికి దిగి లోపలి గొట్టాలు తెరుచుకొనేవి. కుడిచేతి కూజా నుంచి మొదట ద్రాక్షసారాయి, తరువాత నీళ్ళు పడేవి. గిన్నె తీస్తే ధార ఆగేది. గాలి ఒత్తిడి, నీటి బరువు తప్ప అందులో వేరే శక్తి ఏమీ లేదు.

11వ శతాబ్దిలో ధారానగరాన్ని ఏలిన భోజరాజు పేరుతో ఉన్న 'సమరాంగణసూత్రధారము' అనే వాస్తుగ్రంథంలో యంత్రాలకు ఒక అధ్యాయం ఉన్నది. తాంబూలం అందించడం, నీళ్ళు చల్లడం, నమస్కరించడం వంటి పనులు చేసే కొయ్యబొమ్మలు అందులో చెప్పబడ్డాయి. 1206లో అల్ జజరీ అనే శిల్పి రచించిన అరబ్బీ గ్రంథంలో అతిథి చేతులు కడుగుకొనడానికి నీళ్ళు పోసి, తువాలు అందించే బొమ్మ వర్ణన ఉన్నది.

జపానులోని తేనీటి బొమ్మ వీటన్నిటికన్న చక్కనిది. 1796లో హొసొకావ హంజో ప్రచురించిన పుస్తకంలో దాని లోపలి నిర్మాణం పటాలతో సహా వివరించబడింది. తిమింగలపు నోటి పట్టెలతో చేసిన స్ప్రింగు, కొయ్య పళ్ళ చక్రాలు దానిలో ఉంటాయి. యజమాని బొమ్మ చేతిలో కప్పు పెట్టగానే అది అతిథి వైపు నడుస్తుంది. అతిథి కప్పు తీసుకోగానే ఆగుతుంది. తాగి ఖాళీ కప్పు తిరిగి పెట్టితే వెనుకకు తిరిగి యజమాని వద్దకు పోతుంది. బొమ్మకు తెలిసినది ఒక్కటే: చేతిలో బరువు ఉన్నదా, లేదా. మన దేశంలో గ్వాలియర్ మహారాజు భోజనపు బల్ల మీద తిరిగిన వెండి రైలుకు కూడ ఇదే కిటుకు. అతిథి సీసా ఎత్తగానే రైలు ఆగేది.

ఈ యంత్రాలన్నీ రాజుల, ధనికుల ఇళ్ళలోనివి. ఆ ఇళ్ళలో పని చేసేవారికి కొరత లేదు. కనుక ఈ బొమ్మలు శ్రమ తగ్గించడానికి పుట్టలేదు, అతిథిని ఆశ్చర్యపరచడానికి పుట్టాయి.

ఆ ఆశ్చర్యాన్ని ఈనాటికీ హైదరాబాదులో కళ్ళారా చూడవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలో 19వ శతాబ్ది నాటి గడియారం ఒకటి కలదు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ దానిని అమర్చింది. గంట పూర్తి కావడానికి కొద్ది నిమిషాల ముందు ఒక చిన్న బొమ్మ మనిషి తలుపు తెరుచుకొని బయటికి వచ్చి, ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. అది చూడడానికి ప్రతి గంటకు జనం గుమికూడుతారు. గంట కొట్టే పని మామూలు గోడ గడియారం కూడ చేస్తుంది. కాని దాని ముందు ఎవరూ గుమికూడరు. మనిషి చేసే పనిని బొమ్మ చేయడంలోనే వింత ఉన్నది.

వింత వాడుకగా మారిన కాలం

20వ శతాబ్దిలో యంత్రసేవ రాజభవనాల నుంచి వీధిలోకి వచ్చింది. 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హార్న్ అండ్ హార్డర్ట్ కంపెనీ 'ఆటోమాట్' అనే భోజనశాలను తెరిచింది. గోడ నిండా చిన్న చిన్న అద్దపు తలుపుల అరలు, వాటిలో వంటకాలు. అతిథి నాణెం వేసి, పిడి తిప్పి, తలుపు తెరిచి తనకు కావలసినది తీసుకుంటాడు. 1912లో ఇది న్యూయార్కుకు వచ్చి ఎంతో ప్రసిద్ధి పొందింది. వడ్డించేవాడు లేడు గనుక బహుమానం ఇవ్వనక్కరలేదు. కాఫీ ఒక్కటే తాగి ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ముఖం చిట్లించరు. పేదవాడికి అది గొప్ప సౌకర్యం. మనిషి లేకపోవడమే కొందరు అతిథులకు మర్యాదగా తోస్తుందని అది లోకానికి చూపింది. అయితే గోడకు అవతల వంటవాళ్ళు, అరలు నింపేవాళ్ళు ఎప్పుడూ పనిచేస్తూనే ఉండేవారు. వారు అతిథికి కనిపించరు, అంతే. చివరి ఆటోమాట్ 1991లో మూతపడింది.

హోటళ్ళలో రెండవ పెద్ద మార్పు లిఫ్టు. మీట నొక్కితే తనంత తాను నడిచే లిఫ్టు 20వ శతాబ్దపు తొలినాళ్ళకే తయారయింది. అయినా చాలాకాలం జనం నడిపేవాడు లేని లిఫ్టు ఎక్కడానికి జంకారు. 1945 సెప్టెంబరులో న్యూయార్కు నగరంలో లిఫ్టు నడిపేవారు సమ్మె చేయగా ఊరంతా స్తంభించింది. ఆ తరువాత భవనాల యజమానులు స్వయంచాలిత లిఫ్టుల వైపు మళ్ళారు. ఎక్కినవారి భయం పోవడానికి లోపల ఎర్రని ఆపుడు మీట, టెలిఫోను, రికార్డు చేసిన మృదువైన గొంతు అమర్చారు. ఈనాడు లిఫ్టును ఎవరూ రోబో అని పిలవరు. సేవ చేసే యంత్రం పూర్తిగా అలవాటయిందంటే దాని గుర్తు ఇదే: అది యంత్రమన్న సంగతి కూడ మనకు తోచదు. కాని ఆ మార్పులో లిఫ్టు నడిపే వృత్తి దాదాపు అంతరించింది. ఈ రెండు సంగతులనూ కలిపే గుర్తుంచుకోవలె.

నడిచే రోబో ఎట్లా పనిచేస్తుంది?

కర్మాగారంలో పనిచేసిన మొదటి రోబో 'యూనిమేట్'. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ వారు దానిని వాడారు. దానిని రూపొందించినవారిలో ఒకడైన జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ తరువాత 'హెల్ప్‌మేట్' అనే రోబోను తయారు చేసి, 1988లో డాన్‌బరీ ఆసుపత్రిలో ప్రవేశపెట్టాడు. అది భోజనం పళ్ళాలు, మందులు మోసుకొని వరండాలలో తిరిగేది. హోటలు రోబోలకు అదే పెద్దన్న. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో అలాఫ్ట్ అనే హోటలు 'బాట్లర్' అనే రోబోను పెట్టింది. మూడడుగుల ఎత్తున్న ఆ డబ్బా తువాలు, పళ్ళపొడి వంటివి మోసుకొని గది ముందుకు వెళ్ళి, గదిలోని టెలిఫోను మోగించి, తలుపు తీయగానే తన మూత తెరుస్తుంది.

ఇటువంటి రోబోలకు దారి తెలిసే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది నేల మీద అంటించిన అయస్కాంతపు పట్టీ. రోబో అడుగున ఉన్న గ్రాహకాలు పట్టీని గుర్తిస్తూ రైలు పట్టాల మీద వలె పోతాయి. ఇది చవక, కాని బల్ల జరిపితే పట్టీ మళ్ళీ వేయవలె. రెండవది లేసరు కొలత. రోబో నలువైపులా కాంతి స్పందనలను పంపుతుంది. అవి గోడకు తగిలి తిరిగి వచ్చే కాలాన్ని కొలిచి దూరం లెక్కకడుతుంది. గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే కాంతి పోయి రావడానికి 6 మీటర్లు. కాంతివేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. కాబట్టి పట్టే కాలం సెకనులో 5 కోట్ల భాగం మాత్రమే! ఇంత స్వల్పకాలాన్ని కొలవగల పరికరాలు చవక కావడం వల్లనే ఈ రోబోలు హోటళ్ళకు రాగలిగాయి. అయితే అద్దపు తలుపు గుండా కాంతి దూరిపోతుంది, నిలువుటద్దం నుంచి పక్కకు మళ్ళుతుంది. అద్దాలు ఎక్కువగా ఉండే హోటలు రోబోకు కష్టమైన చోటు.

విసుగు పుట్టిన కాలం

2015 జూలైలో జపానులోని నాగసాకి ప్రాంతంలో హుయిస్ టెన్ బాష్ అనే వినోదస్థలం వద్ద 'హెన్ నా హోటల్' ప్రారంభమయింది. సిబ్బందిలో అధికభాగం రోబోలే ఉన్న మొదటి హోటలుగా దానికి గిన్నిస్ గుర్తింపు లభించింది. స్వాగతం చెప్పే బల్ల దగ్గర స్త్రీ రూపంలో ఒక రోబో, రాక్షసబల్లి రూపంలో మరొకటి ఉండేవి. సామాను మోసే బండి, ప్రతి గదిలోను ప్రశ్నలకు జవాబు చెప్పే 'చూరి' అనే చిన్న బొమ్మ ఉండేవి. సుమారు 80తో మొదలై రోబోల సంఖ్య 243కు చేరింది. జనం వింతగా చూడడానికి వచ్చారు.

కాని 2019 జనవరిలో ఆ హోటలు తన రోబోలలో సగానికి పైగా తొలగించిన సంగతి పత్రికలలో వచ్చింది. కారణాలు పరిశీలిస్తే పాఠం వలె ఉన్నాయి. ఒక అతిథి గురకను 'చూరి' ప్రశ్న అనుకొని, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అంటూ రాత్రంతా ఆయనను లేపింది. రాక్షసబల్లి అతిథుల పాస్‌పోర్టులకు నకళ్ళు తీయలేదు. ఆ పని మనుషులే చేయవలసి వచ్చింది. సామాను బండ్లు వందకు పైగా ఉన్న గదులలో 24 గదులకే వెళ్ళగలిగాయి. వానకు, మంచుకు ఆగిపోయాయి. రోబోలను బాగుచేయడానికే సిబ్బంది అదనంగా పనిచేయవలసి వచ్చింది.

గమనించండి: 'చూరి' మీద ఫిర్యాదు అది పని చేయలేదని మాత్రమే కాదు. ముఖం, గొంతు ఉన్న బొమ్మ కాబట్టి అతిథి దాని నుంచి తెలివిని ఆశించాడు. స్థానిక విశేషాలు అడిగితే చెప్పగలదనుకున్నాడు. డబ్బా వంటి బాట్లర్ నుంచి ఎవరూ అంత ఆశించరు. తువాలు తెచ్చిందా, చాలు.

రూపానికి, ఆశకు గల ఈ సంబంధాన్ని జపాను ప్రొఫెసరు మాసహిరో మోరి 1970లోనే మరొక కోణం నుంచి చెప్పాడు. యంత్రానికి మనిషి పోలిక పెరిగే కొద్దీ మనకు దానిపై ఇష్టం పెరుగుతుంది. పోలిక దాదాపు పూర్తి అయిన చోట, ఎక్కడో కొద్దిగా తేడా ఉన్నప్పుడు, ఇష్టం హఠాత్తుగా పడిపోయి జంకుగా మారుతుంది. గ్రాఫు గీస్తే ఆ పడిపోయిన భాగం లోయ వలె కనిపిస్తుంది కనుక ఆయన దానికి లోయ అనే పేరు పెట్టాడు. ఆయన దీనిని కొలిచి చెప్పలేదు, ఊహగా ప్రతిపాదించాడు. తరువాతి పరిశోధకులు దీనిపై ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయినా హోటలు రోబోలను తయారు చేసేవారిలో పలువురు మనిషి పోలికను వదిలి, రెండు కళ్ళ బొమ్మ ఉన్న బీరువా వంటి రూపాన్ని ఎన్నుకోవడం గమనించదగినది.

దక్షిణ భారతంలో

మన ప్రాంతంలో రోబోలు మొదట బసలోకి కాక భోజనశాలలోకి వచ్చాయి. హోటలంటే మనకు భోజనం కదా! 2017లో చెన్నైలో రోబోలు వంటకాలు తెచ్చే భోజనశాల తెరవబడింది. 2019లో బెంగుళూరులోను, అదే సంవత్సరం హైదరాబాదులోని జూబ్లీ హిల్స్‌లోను అటువంటివి వచ్చాయి. హైదరాబాదులోని దానిలో నాలుగు రోబోలు ఉండేవి. అతిథి బల్ల మీది పలక వంటి తెరపై తనకు కావలసినది ఎన్నుకుంటే, వంటగది నుంచి రోబో పళ్ళెంతో బల్ల దగ్గరకు వచ్చేది. కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి ఫోటోలు తీసుకున్నాయి. సాలార్‌జంగ్ గడియారం ముందు చేరే జనం వంటివారే వీరు కూడ.

ఇక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులకు ఒక ప్రశ్న వేయవచ్చు: రోబో చేసినది వడ్డనా? అది పళ్ళెం తెచ్చింది. వారాసిగూడలోను, విశ్వవిద్యాలయం అవతల తార్నాకలోను విద్యార్థులు భోంచేసే మామూలు మెస్సులో వడ్డించేవాడు ఏమి చేస్తాడో చూడండి. సాంబారు బాల్చీతో వరుస వెంట నడుస్తూ ప్రతి పళ్ళెం వైపు చూస్తాడు. అన్నంలో గుంట చేసినవాడికి సాంబారు కావలె. చేయి అడ్డం పెట్టినవాడికి వద్దు. చేయి అడ్డం పెట్టినా కళ్ళు బాల్చీ మీద ఉన్నవాడికి ఇంకొంచెం కావలె. నాలుగు రోజులు రాని కుర్రవాడిని "ఊరికి పోయినవా?" అని అడుగుతాడు. ఇందులో ఏ ఒక్కటీ అతనికి బడిలో నేర్పలేదు. కాని వీటిని యంత్రానికి నేర్పడం చదరంగం నేర్పడం కన్న కష్టమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. హాన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు 1988లో దీనిని స్పష్టంగా చెప్పాడు: మనిషికి కష్టమైన లెక్కలు యంత్రానికి సులువు, చంటిపిల్లవాడికి సులువైన చూపు, నడక, పట్టు యంత్రానికి కష్టం.

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. రోబో ఈ సామెతను తు.చ. తప్పక పాటిస్తుంది. మన విందులలో గొప్పతనమంతా అడగకుండా వేసే మారు వడ్డనలో ఉన్నది.

వైఖరిని కొలవడం ఎట్లా?

అతిథుల వైఖరి తెలుసుకోవడానికి సామాన్యంగా ప్రశ్నపత్రాలు వాడుతారు. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పండితుడు ఒక కొత్త సాధనాన్ని మనం స్వీకరించేది రెండు నమ్మకాల మీద ఆధారపడుతుందని చెప్పాడు: అది నాకు ఉపయోగపడుతుంది, దానిని వాడడం సులువు. 2006లో జపానులో నోమురా, ఆయన సహచరులు రోబోల పట్ల విముఖతను కొలవడానికి 14 వాక్యాల పట్టికను ప్రచురించారు. రోబోతో వ్యవహరించవలసిన పరిస్థితి, రోబోల వల్ల సమాజం మీద పడే ప్రభావం, రోబోకు భావాలుంటే కలిగే ఇబ్బంది అని దానిలో మూడు భాగాలున్నాయి.

అయితే కాగితం మీది జవాబుకు, చేతలకు ఎప్పుడూ పొత్తు కుదురుతుందా? దీనికి హోటళ్ళ చరిత్రలోనే ఒక ప్రసిద్ధ ఉదాహరణ కలదు. 1930 తరువాత రిచర్డ్ లపియర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఒక చైనా దంపతులతో కలిసి దేశమంతా పర్యటించాడు. ఆ కాలంలో అమెరికాలో చైనావారి పట్ల ద్వేషం చాలా ఉండేది. వారు వెళ్ళిన 251 హోటళ్ళు, భోజనశాలలు మొదలైనవాటిలో ఒక్క చోటు మాత్రమే వారిని నిరాకరించింది. కొన్ని నెలల తరువాత ఆయన అదే చోట్లకు ఉత్తరాలు వ్రాసి, చైనావారిని అతిథులుగా అంగీకరిస్తారా అని అడిగాడు. జవాబిచ్చిన వాటిలో నూటికి తొంభైకి పైగా అంగీకరించమన్నాయి! 1934లో ప్రచురించబడిన ఈ పరిశీలన వైఖరి వేరు, నడవడి వేరు అని హెచ్చరించింది.

రోబోల విషయంలో ఈ హెచ్చరిక రెండు విధాల పనికివస్తుంది. రోబోను ఎన్నడూ చూడనివాడు కాగితం మీద చెప్పే ఇష్టానిష్టాలను నిజమని తీసుకొనరాదు. మొదటిసారి చూసినవాడి సంతోషాన్ని కూడ శాశ్వతమని తీసుకొనరాదు. కొత్తొక వింత, పాతొక రోత. ఆ రెండూ గడిచిన తరువాత, రెండవసారి, పదవసారి అతిథి ఏమి చేస్తాడన్నదే అసలైన కొలత.

2020 నేర్పినది

2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు పరిస్థితి తలక్రిందులయింది. అంతవరకు ఆదరణకు గుర్తయిన మనిషి సమీపం ప్రమాదానికి గుర్తయింది. ఆ సంవత్సరం మార్చిలో జయపురంలోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలోను, ఏప్రిల్‌లో కేరళలోని ఎర్నాకుళం వైద్య కళాశాలలోను రోగులకు భోజనం, మందులు చేరవేయడానికి రోబోలను ఉపయోగించారు. అక్కడ రోబో వింత కాదు. అది వడ్డించేవాని ప్రాణాన్ని కాపాడే సాధనం. అతిథి వైఖరి యంత్రపు గుణం మీదనే గాక కాలం మీద, పరిస్థితి మీద కూడ ఆధారపడుతుందని దీనివల్ల తేలుతున్నది. ఒంటరిగా, అలసి, అర్ధరాత్రి బసకు చేరినవాడు ఎవరితోను మాట్లాడకుండా నీళ్ళ సీసా తలుపు వద్దకు వస్తే సంతోషిస్తాడు. అతడే మరునాడు దారి తప్పినా, జ్వరం వచ్చినా, లెక్కలో తేడా వచ్చినా మనిషి కోసం వెదకుతాడు.

ఏది పోవలె, ఏది నిలవవలె

ఫైలో పరిచారిక నుంచి హెన్ నా హోటలు వరకు చూస్తే అతిథి వైఖరిలో ఒకే క్రమం కనిపిస్తుంది: వింత, విసుగు, వాడుక. మోతను తీసుకున్న యంత్రాలు, అనగా లిఫ్టు, ఆసుపత్రి బండి, తువాలు తెచ్చే డబ్బా, విసుగును దాటి వాడుకలోకి వచ్చాయి. ఆదరణను అనుకరించిన యంత్రాలు వింతగా మొదలై చాలాసార్లు విసుగు దగ్గరే ఆగిపోయాయి. వీటి మధ్య గీత ఎప్పటికీ ఇక్కడే ఉంటుందని చెప్పలేము. మాటలను అర్థం చేసుకొనే యంత్రాలు 2020 తరువాత ఎంతో మెరుగుపడ్డాయి. 'చూరి' చేసిన పొరపాటును ఈనాటి యంత్రం చేయకపోవచ్చు. కాని పొరపాటు లేకుండా పలకడం వేరు, పలకరించడం వేరు.

ఇందులో అతిథి ఒక్కడే పక్షం కాడు. బండి సామాను మోస్తే మిగిలే కాలం ఎవరికి చెందుతుంది? వడ్డించేవాడికి చెందితే అతడు అతిథి ముఖం చూసి మాట్లాడగలడు. వెట్టి తగ్గి ఆదరణ పెరుగుతుంది. అతనినే తీసివేస్తే, లిఫ్టు నడిపేవాని వలె ఒక వృత్తి పోతుంది. అతిథికి కష్టం వచ్చిన గడియలో అడగడానికి ఎవరూ ఉండరు. రెండింటిలోను రోబో ఒకటే. తేడా యజమాని నిర్ణయంలో ఉన్నది, కొంతవరకు అతిథి కోరికలోను ఉన్నది.

విద్యార్థులు ఈసారి హోటలుకు వెళ్ళినప్పుడు వడ్డించేవాడు చేసే పనులను ఒక కాగితం మీద వ్రాయండి. ఒక వైపు మోత, మరొక వైపు ఆదరణ. ఏ పనిని యంత్రానికి అప్పగించవచ్చో, ఏది అప్పగిస్తే మీకే లోటనిపిస్తుందో గుర్తుపెట్టండి. ఆ పట్టిక తయారు చేసేటప్పుడు, ఎన్నో పూటలు మీకు అన్నం పెట్టిన మనిషిని బహుశా మొదటిసారిగా శ్రద్ధతో చూస్తారు.